గుప్పెడు అన్నభేది

మా గృహప్రవేశం రోజు మేస్త్రీ చెంచా అడిగాడు.

చుట్టాల పంక్తులన్నీ లేచాక ఆఖర్న పనివాళ్ళను కూర్చోబెట్టాం. ఇల్లు కట్టినవాళ్ళకు ఆఖరి పంక్తి, అదీ మన మర్యాద. విస్తళ్ళలో పప్పు, గుత్తివంకాయ కూర, గోంగూర పచ్చడి పడ్డాయి. మేస్త్రీ ఒకసారి విస్తరికేసి చూశాడు, ఒకసారి తన అరచేతులకేసి చూసుకున్నాడు. "చెంచా ఉంటె ఇయ్యుండ్రి సార్" అన్నాడు మెల్లగా. మా బావ పక్కనే ఉన్నాడు. "ఇల్లు మాది, దర్జా మేస్త్రీది!" అన్నాడు. పదిమందీ నవ్వారు. నేనూ నవ్వాను.

చెంచా తెచ్చిచ్చింది మా అమ్మ. ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ అంది: "ఆయన చేతులు చూశావట్రా? వేసవిలో బీటలిచ్చిన మడిలా ఉన్నాయి. ఆ సందుల్లోకి గోంగూర పులుపూ కారమూ దిగితే మనిషి అన్నం తింటాడా, ఏడుస్తాడా?"

పద్నాలుగు నెలలు ఆ చేతులు నా కళ్ళముందే తిరిగాయి. నేను చూడలేదు. చూడ్డానికి తీరిక ఏదీ? ఇనుము ఏ కంపెనీదో చూశాను. ఇసుకలో మట్టి ఎంతుందో గుప్పిట పట్టి చూశాను. బోరు నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపాను. యాభైమూడు గ్రేడు సిమెంటేనా అని బస్తా బస్తాకీ ముద్ర చూశాను. ఈశాన్యం మూల రెండంగుళాలు పెరగాలని వాస్తు పండితుడు అంటే, కట్టిన గోడ పడగొట్టించి మళ్ళీ కట్టించాను. పడగొట్టినవీ మళ్ళీ కట్టినవీ ఆ చేతులే. ఈశాన్యానికి ఉన్న విలువ ఈ రాష్ట్రంలో మనిషి అరచేతికి లేదు. ఈ వ్యాసం ఆరోజు నవ్వినందుకు నేను కట్టుకుంటున్న జరిమానా. మీరు కూడా కట్టాల్సిందేమో, చదివాక మీరే తేల్చుకోండి.

నాలుగు రోజులాగి మేస్త్రీని ఇంటికి పిలిచి అడిగాను. పాలమూరు మనిషి. పదిహేనేళ్ళప్పుడు తట్ట మోయడానికి పట్నం వచ్చాడు, పాతికేళ్ళకు తాపీ పట్టాడు. పదకొండేళ్ళ కింద వేళ్ళ సందుల్లో దురదతో మొదలైందట. కొబ్బరినూనె రాశాడు, పసుపు రాశాడు, మెడికల్ షాపువాడిచ్చిన ట్యూబు రాశాడు. ట్యూబు రాసినన్నాళ్ళు తగ్గేది, ఆపగానే రెండింతలై వచ్చేది. వానకారు సేద్యానికి ఊరికి పోయి నెలా రెండునెలలు ఉంటే చేతులు కాస్త మనుషుల చేతుల్లా అయ్యేవి. మళ్ళీ పట్నమొచ్చి మొదటి గమేళా మాలు ముట్టుకుంటే మూడోరోజుకల్లా నీటిపొక్కులు, పగుళ్ళు, రసి. "సిమెంటు అందరి చేతుల్ని తింటది సార్. నాకు తినుడు గాదు, నాకు పడది" అన్నాడు.

ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. తినడం వేరు, పడకపోవడం వేరు. తడి సిమెంటు గాఢమైన క్షారం. దాని పీహెచ్ పన్నెండు దాటుతుంది. అది ఎవరి చర్మాన్నైనా కొరికి తింటుంది. ముట్టుకున్నంతసేపే దాని ప్రతాపం. కడుక్కుని, నూనె రాసి, నాలుగు రోజులు దూరంగా ఉంటే మానుతుంది. పడకపోవడం అలాంటిది కాదు. అది ఒకరికి వస్తుంది, పక్కవాడికి రాదు. ఏళ్ళ తరబడి ఏమీ లేకుండా ఉండి ఒకరోజు మొదలవుతుంది. మొదలైతే పోదు. చర్మవైద్యులు పెద్ద పెద్ద గ్రంథాల్లో ఒకదాన్ని చికాకు వాపు అనీ, రెండోదాన్ని ఎలర్జీ వాపు అనీ విడదీసి చెబుతారు. నా మేస్త్రీ ఏ గ్రంథమూ చదవలేదు. తన ఒంటిమీద చదివాడు.

ఈ పడకపోవడాన్ని పట్టుకునే ఉపాయం సైన్సుకు దొరికి నూట ముప్ఫై ఏళ్ళయింది. 1895లో యోజెఫ్ యాడాసోన్ అనే చర్మవైద్యుడు, అనుమానం ఉన్న పదార్థాన్ని చర్మం మీద చిన్న పట్టీగా అంటించి, అక్కడ వాపు వస్తుందేమో చూడటం మొదలుపెట్టాడు. ఇవాళ్టి ప్యాచ్ టెస్టుకు అదే మూలం. రక్తంలో గ్రూపులు కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ 1930లలో గినీపందుల మీద పనిచేసి ఇంకో ముడి విప్పాడు. ఒంటికి ఏమాత్రం లెక్కలోకి రానంత చిన్న రసాయనం కూడా మన సొంత ప్రోటీన్లకు అతుక్కుంటే, ఒళ్ళు ఆ జంటను పరాయిదిగా చూసి పగబడుతుందని.

సిమెంటులో పగ పుట్టించేది క్రోమియం. సున్నపురాయిలో, బంకమట్టిలో అది కొద్దికొద్దిగా ఉంటుంది. బట్టీ లోపలి ఇటుకల నుంచీ, రాయిని పిండిచేసే గుండ్ల నుంచీ మరికాస్త చేరుతుంది. బట్టీలో 1450 డిగ్రీల వేడికి, గాలికి, క్షారానికి అది రూపు మార్చుకుని ఆరో వేలెన్సీ క్రోమియం అవుతుంది. దాన్ని హెక్సావేలెంట్ క్రోమియం అంటారు. ఇది నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, చర్మంలోకి ఇట్టే దిగుతుంది. లోపలికి వెళ్ళాక మూడో వేలెన్సీ రూపంలోకి మారి ప్రోటీన్లను పట్టుకుంటుంది. చర్మంలో కావలి కాసే కణాలు ఆ సంగతిని చంకలోని గ్రంథుల దాకా మోసుకుపోతాయి. అక్కడ తెల్లకణాల ఠాణాలో క్రోమియం పేర రౌడీషీటు తెరుస్తారు. ఒకసారి షీటు తెరిచాక ఆ పేరు చెరగదు. తర్వాత చర్మం లోపల క్రోమియం కాస్త కనిపించినా దాడే. తడి సిమెంటు కొరికిన పగుళ్ళు దానికి తలుపులు తీసిపెడతాయి. అంటే మొదట తింటుంది, తర్వాత పడకుండా చేస్తుంది.

ఇదంతా ఎప్పటినుంచి తెలుసు? 1908లో పారిస్‌లో భూగర్భ రైలు మార్గం కడుతున్న కూలీల చేతుల మీది ఈ రోగాన్ని వైద్యులు సిమెంటు గజ్జి అని పేరుపెట్టి రాశారు. 1950లో స్విట్జర్లాండ్‌లో యేగర్, పెల్లోనీ అనే ఇద్దరు ఈ రోగుల వీపుల మీద పట్టీలు అంటించి, దాదాపు అందరికీ పడనిది ఆరో వేలెన్సీ క్రోమియం లవణం క్రోమేటేనని తేల్చారు. దొంగ ఎవరో డెబ్బై ఏళ్ళ కిందే తెలిసిపోయింది. దొంగకు సంకెళ్ళు వెయ్యడం ఎలాగో చెప్పినవాడు స్వీడన్‌లోని లుండ్‌లో పనిచేసిన చర్మవైద్యుడు సిగ్‌ఫ్రిడ్ ఫ్రెగెర్ట్. తన తోటివాళ్ళు బిర్గిట్టా గ్రువ్‌బెర్గర్ తదితరులతో కలిసి ఆయన సిమెంటును రసాయన శాస్త్రవేత్తలా తవ్వి చూశాడు. 1979లో చిన్న పరిష్కారం చెప్పాడు: సిమెంటులో కొంచెం ఫెర్రస్ సల్ఫేట్ కలపండి. నీళ్ళు పోసి కలపగానే అది ఆరో వేలెన్సీ క్రోమియాన్ని మూడో వేలెన్సీకి దించేస్తుంది. సిమెంటు క్షారంలో మూడో వేలెన్సీ క్రోమియం కరగదు, చర్మంలోకి చొరబడదు. దొంగ ఇంట్లోనే ఉంటాడు, చేతులు మాత్రం కట్టేసి ఉంటాయి.

ఫెర్రస్ సల్ఫేట్ అంటే ఏమిటో రసాయన శాస్త్రం తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అన్నభేది. మన అన్నభేదే. వరి నారుమడి తెల్లబడినా, చీనీ ఆకు పాలిపోయినా, వేరుశనగ పసుపు తిరిగినా ఇనుప ధాతువు లోపమని చెప్పి, చిటికెడు నిమ్మ ఉప్పుతో కలిపి పిచికారీ చెయ్యమంటారే, ఆ అన్నభేది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు రక్తం పట్టాలని ఇచ్చే ఇనుము మాత్రల్లో ఏళ్ళ తరబడి ఉన్నదీ అదే. తెల్లరంగు కోసం టైటానియం డయాక్సైడ్ చేసేచోట, ఉక్కును ఆమ్లంలో ముంచి కడిగేచోట అది మిగులు సరుకు; ఎక్కడ పోసుకోవాలో తెలియక తలలు పట్టుకునే సరుకు. మొన్న మా ఊరి ఎరువుల కొట్లో కిలో ప్యాకెట్టు కొన్నాను. వంద నోటిస్తే చిల్లర వెనక్కిచ్చాడు. ఆ లేతాకుపచ్చ పలుకుల ప్యాకెట్టు ఇది రాస్తుంటే నా బల్ల మీద ఉంది.

డెన్మార్క్ 1981లోనే తన సిమెంటులో దీన్ని కలపడం మొదలుపెట్టింది. వంద కిలోలకు మూడునాలుగు వందల గ్రాములు. మన యాభై కిలోల బస్తా లెక్కలో చెప్పాలంటే రెండు గుప్పెళ్ళకు మించదు. క్రిస్టియన్ ఆవ్న్‌స్టార్ప్ అనే వైద్యుడు కాంక్రీటు దిమ్మెలు పోసే కార్మికుల చేతుల్ని ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్షించాడు. 1981లో నూటికి 8.9 మందికి ఉన్న సిమెంటు ఎలర్జీ 1987 నాటికి 1.3కి పడిపోయింది. ఆరేళ్ళలో! ఏ దేవుడికీ మొక్కకుండా, ఏ కొత్త మందూ కనిపెట్టకుండా, బస్తాలో రెండు గుప్పెళ్ళ అన్నభేది పోసినందుకు! ఫిన్లాండ్ 1987లో, స్వీడన్ 1989లో అదే దారి పట్టాయి. ఐరోపా సమాఖ్య 2003లో చట్టం చేసింది. 2005 జనవరి 17 నుంచి, తడిపితే పది లక్షల పాళ్ళలో రెండు పాళ్ళకు మించి ఆరో వేలెన్సీ క్రోమియం కరిగే సిమెంటును మనిషి చేతులు తాకే పనులకు అమ్మకూడదు, వాడకూడదు. మనిషి చెయ్యి తగలకుండా యంత్రాలే చేసే మూసిన పనులకు మాత్రం మినహాయింపు. చట్టం చూపు ఎటుందో గమనించారా? గోడ మీద లేదు, చేతి మీద ఉంది.

ఇక మన పుస్తకం తెరుద్దాం. సాదా పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు మన ప్రమాణం ఐఎస్ 269. దాని 2015 ప్రతిని కూర్చుని చదివాను. ఇరవై ఎనిమిదో రోజుకు యాభైమూడు గ్రేడు ఎంత బరువుకు ఓర్చుకోవాలో ఉంది. గట్టిపడటం 30 నిమిషాల లోపు మొదలవకూడదనీ, 600 నిమిషాలకు మించి సాగకూడదనీ ఉంది. పిండి ఎంత మెత్తగా ఉండాలో ఉంది. మెగ్నీషియా ఎంత, గంధకం ఎంత, క్లోరైడు ఎంత అన్నీ ఉన్నాయి. క్లోరైడు ఎందుకు? గోడలోని ఇనుప కడ్డీ తుప్పుపడుతుందని. కడ్డీ తుప్పుకు గీత గీశారు. మేస్త్రీ చేతి తుప్పుకు ఆ కాగితాల్లో గీత కనబడలేదు. కడ్డీ పాటి చెయ్యలేదా మనిషి?

ఐరోపాలో బస్తా మీద, అన్నభేది శక్తి ఎన్నాళ్ళుంటుందో తేదీ వేసి తీరాలి. గడువు దాటితే అది చేతికి ప్రమాదం. మా ఇంటి పునాది గుంత పక్కన మిగిలిన ఖాళీ సంచుల్ని తిరగేసి చూశాను. తయారైన వారం ఉంది, గ్రేడు ఉంది, బరువు ఉంది. చర్మం అన్న మాట ఒక్క సంచి మీదా లేదు. టీవీలో సిమెంటు ప్రకటనలు చూడండి: ఏనుగులు, పహిల్వాన్లు, కోటలు, వందేళ్ళ భరోసాలు. ఎప్పుడైనా ఒక మేస్త్రీ అరచెయ్యి దగ్గరగా చూపించారా? చూపిస్తే సరుకు అమ్ముడుపోదు.

ఇదేదో ఎక్కడి గొడవో కాదు. తెలుగు నేల సున్నపురాయి మీద కూర్చుని ఉంది. తాండూరు, మఠంపల్లి, మేళ్ళచెర్వు, జగ్గయ్యపేట, మాచర్ల, దాచేపల్లి, కడప చుట్టుపక్కల పొగగొట్టాలు చూడని తెలుగువాడు అరుదు. ఇక ఆ సిమెంటును కలిపే చేతులు? ఆనకట్టలు కట్టాలన్నా, కాలవలు తవ్వాలన్నా దేశం పాలమూరు లేబర్ పేరు పిలిచేది. ఇవాళ హైదరాబాద్ అడ్డాల మీద తెల్లవారుజామున తాపీ, టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడేదీ వాళ్ళే, వాళ్ళతోపాటు శ్రీకాకుళం నుంచీ, ఒడిశా నుంచీ వచ్చినవాళ్ళు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళలో ఎంతమంది అక్కడి మేడల మాలు కలిపారో లెక్కే లేదు. సిమెంటు మనదే, చేతులూ మనవే. ఈ విషయం మీద మాత్రం మనకు మాట లేదు.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. ఐరోపా పరిశోధనల్లో చేతులు ఎక్కువగా మగవాళ్ళవి. మన దగ్గర మాలు మోసేది ఆడది. చుట్టకుదురు మీద గమేళా, గమేళా అంచు నుంచి కారి మెడ మీద, చెవి వెనక, రవిక భుజం మీద ఎండిపోయే తడి సిమెంటు. స్లాబు వేసేరోజు పొద్దు వాలేదాకా చెప్పులు లేని కాళ్ళు ఆ బురదలోనే. ఇంటికొచ్చి ఆ చేతులతోనే మిరపకాయ నూరాలి, బట్టలు ఉతకాలి, పిల్లకు పాలివ్వాలి. మేస్త్రీకి చెంచా అడిగే ధైర్యం వచ్చింది. ఆమెకు అడిగే చోటే లేదు.

ఇప్పుడు అడ్డు ప్రశ్నలు వస్తాయి. రానివ్వండి. ఈ రెండు మూడు నెలల్లో అవన్నీ నేను విన్నాను.

"గ్లవ్స్ వేసుకోమనండి, సరిపోతుంది కదా!" నాకు తెలిసిన ఒక బిల్డరు అన్నాడు ఈ మాట, చాలా సులువుగా. ఆయనొక్కసారి గ్లవ్స్ తొడుక్కుని గోడకు ప్లాస్టరింగ్ చేసి, వేలి కొసలతో నునుపు తెలుసుకుని చూపించాలి. ఎండలో గంటసేపు తొడుక్కున్న గ్లవ్స్ లోపల చెమట నిండుతుంది. పైనుంచి కారిన మాలు ఆ చెమటలో కలిసి చేతికి కట్టిన పిండికట్టు అవుతుంది. తోలు గ్లవ్స్ అయితే మరీ వింత. తోలును ఎక్కువగా శుద్ధి చేసేది క్రోమియంతోనే. క్రోమియం పడనివాడికి క్రోమియం పట్టించిన తోలు తొడుగు! ఐరోపా 2015 నుంచి తోలులోనూ ఆరో వేలెన్సీ క్రోమియానికి హద్దు పెట్టుకుంది. రబ్బరు గ్లవ్స్ అంటారా, రబ్బరును గట్టిపరిచే థయురామ్‌లు మరో ఎలర్జీకి పేరు మోసినవి. మంచి గ్లవ్స్ ఇవ్వండి, బూట్లు ఇవ్వండి, చేతులు కడుక్కోవడానికి శుభ్రమైన నీళ్ళు ఇవ్వండి. ఇవన్నీ కావాలి. కానీ మూలంలోనే తీసెయ్యగలిగిన విషాన్ని బస్తాలో ఉంచి, జాగ్రత్తపడే బరువంతా రోజుకూలీ మీద వెయ్యడం తెలివి కాదు. బావిలో విషం కలిపి, తాగేవాళ్ళు వడపోసుకోవాలని బోర్డు పెట్టడం అది.

"వాళ్ళకు అలవాటైపోతుంది లెండి." ఇది అన్నవాడు చదువుకున్నవాడు, అదే బాధ. ఈ రోగం లక్షణమే అలవాటుకు ఉల్టా. మొదటి ఏడాది ఏమీ ఉండదు, ఐదో ఏడు ఉండకపోవచ్చు, ఆ తర్వాత ఒకరోజు ఒళ్ళు క్రోమియాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. అప్పటినుంచి తాకినకొద్దీ తక్కువకే ఎక్కువ చెలరేగుతుంది. పని నేర్చి, చెయ్యి తిరిగి, కూలి పెరిగి, ఇంట్లో పిల్లల చదువులు మొదలయ్యే వయసులో వచ్చి పడుతుంది. పని మానేసినా చాలామందికి ఏళ్ళ తరబడి పూర్తిగా మానదు. ఎందుకంటే క్రోమియం సిమెంటులో ఒక్కదానిలోనే లేదు, కాలికున్న తోలు చెప్పులోనూ ఉంది.

"సిమెంటు ధర పెరుగుతుంది." ఇది కంపెనీల తరఫున మనమే అనేస్తాం, వాళ్ళు అనేలోపు. బస్తా ధర నెలకోసారి పెరిగి తగ్గుతుంటే కారణం అడగనివాళ్ళం, రెండు గుప్పెళ్ళ అన్నభేది మాట రాగానే అర్థశాస్త్రవేత్తలం అయిపోతాం. నా ఇంటికి ఎనిమిది వందల బస్తాలు పట్టాయి. రిటైల్ ధరకు, కొట్లో నేను కొన్న ధరకే లెక్కేసుకున్నా, ఈశాన్యం గోడ పడగొట్టి కట్టించిన ఖర్చులో మిగిలిపోయేది.

"అంత పెద్ద సమస్య అయితే లెక్కలేవి?" ఇది అన్నిటికన్నా నీచమైన ప్రశ్న, ఎందుకంటే లెక్క పెట్టాల్సినవాళ్ళే దీన్ని అడుగుతారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తన మూడో షెడ్యూలులో, తప్పక తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో, రసాయనాలు నేరుగా తాకడం వల్ల వచ్చే చర్మపు వాపును రాసుకుంది. చికాకు రకం వేరు, ఎలర్జీ రకం వేరు అని కూడా రాసుకుంది. మేస్త్రీ చెప్పిన తినుడూ పడకపోవుడూ చట్టానికీ తెలుసన్నమాట. క్రోమియం వల్ల వచ్చే జబ్బులు కార్మికుల పరిహారానికి అర్హమైన జాబితాలోనూ ఉన్నాయి. అయితే అడ్డా ఫ్యాక్టరీ ఎలా అవుతుంది? ఇవాళ ఈ గల్లీలో, రేపు ఆ కాలనీలో, ఎల్లుండి ఖాళీగా ఉండేవాడికి యజమాని ఎవరు? నేనా? కాంట్రాక్టరా? గుత్త మేస్త్రీనా? యజమాని దొరకడు కాబట్టి రోగి దొరకడు, రోగి దొరకడు కాబట్టి రోగం లేదు. చూడకుండా కళ్ళు మూసుకుని చీకటని చెప్పడం మనకు కొత్త కాదు.

పరీక్ష చేయించి తేల్చుకోవచ్చు కదా అంటారు. మేస్త్రీ చేయించుకున్నాడు. మూడేళ్ళ కింద పట్నంలోని ఒక సర్కారు దవాఖానలో మంచి డాక్టరమ్మ ఎదురైంది. వీపు మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి పట్టీలు అంటించింది; అందులో ఒకటి పొటాషియం డైక్రోమేట్. రెండు రోజులు స్నానం వద్దు, చెమట పట్టే పని వద్దు, రెండోరోజు ఒకసారి, నాలుగోరోజు ఒకసారి వచ్చి చూపించుకో అంది. ఆమె తప్పు లేదు, శాస్త్రం అలాగే చెబుతుంది. నాలుగు రోజుల కూలి ఎవరిస్తారు? ఒకరోజు ఇంట్లో ఉన్నాడు. రెండోరోజు స్లాబు ఉందని కబురొస్తే వెళ్ళాడు. మధ్యాహ్నానికి చెమటకు పట్టీలు ఊడి మాలులో పడ్డాయి. నూట ముప్ఫై ఏళ్ళ శాస్త్రం, యాడాసోన్ నుంచి ఇప్పటిదాకా పోగైనదంతా, ఒక కూలి డబ్బుల దగ్గర ఆగిపోయింది.

నిజాయితీగా ఒక మాట చెప్పాలి. అన్నభేది సంజీవని కాదు. అది సిమెంటు క్షారాన్ని తగ్గించదు. తినుడు తింటూనే ఉంటుంది, మోకాళ్ళ మీద కూర్చుని నేల పరిచేవాడికి కాలిన పుళ్ళు పడుతూనే ఉంటాయి. నిల్వ ఉన్నకొద్దీ, తేమ తగిలినకొద్దీ దాని శక్తి చచ్చిపోతుంది, అందుకే తేదీ కావాలి. ఇప్పటికే రౌడీషీటు తెరుచుకున్న ఒళ్ళను అది నయం చెయ్యదు. నా మేస్త్రీకి అది ఆలస్యమైపోయింది. కానీ రేపు పదిహేనేళ్ళ ప్రాయంలో తట్ట మోయడానికి పట్నం బస్సెక్కే కుర్రాడికి ఆలస్యం కాలేదు. వాడికోసం అడుగుతున్నాను.

ఏమడుగుతున్నానో విప్పి చెబుతాను. సిమెంటు ప్రమాణంలో కరిగే ఆరో వేలెన్సీ క్రోమియానికి పది లక్షల పాళ్ళలో రెండు అన్న గీత గియ్యాలి. గ్రేడు ముద్ర పక్కనే, చర్మానికి ఎప్పటిదాకా భద్రమో తేదీ తెలుగులో వెయ్యాలి. భవన నిర్మాణ కార్మికుల పేర, 1996 చట్టాలతో మొదలై, కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలవుతోంది. ఆ డబ్బు కార్మికుడిది. ప్యాచ్ టెస్టు చేయించుకునే కార్మికుడికి ఆ నాలుగు రోజుల కూలి అందులోంచి ఇవ్వాలి. పరీక్షలో తేలినవాడికి పని మార్చుకునేదాకా సాయం అందులోంచే ఇవ్వాలి. అప్పుడు చూద్దాం లెక్కలేవో, ఎన్నో.

ఇక మన వంతు. చర్మవైద్య సదస్సుల్లో ఏటేటా ఈ చేతుల ఫొటోలు తెర మీద వేసి, నూటికి ఇంతమంది అని పట్టిక చూపించి, భోజనాలకు లేచే డాక్టర్లను అడుగుతున్నాను: కనిపెట్టడంతో శాస్త్రం అయిపోయిందా? ఫ్రెగెర్ట్ దారి చూపాడు, ఆవ్న్‌స్టార్ప్ చేతులు లెక్కపెట్టి చూపాడు, వాళ్ళ దేశాలు చట్టాలు చేశాయి. ఆ గొలుసులో మన దగ్గర తెగిపోయిన లంకె ఏదో మీకు తెలుసు. ఇంజనీర్లను అడుగుతున్నాను: గోడ ఇరవై ఎనిమిదో రోజు బలం చెప్పగలిగిన మీరు, ఆ గోడ కట్టినవాడి చెయ్యి ఇరవై ఎనిమిదో ఏట ఎలా ఉంటుందో ఎందుకు చెప్పరు? నాలాంటి ఇళ్ళ యజమానులను మాత్రం అడగను. మనకు అడిగే అలవాటు లేదు, అడిగించుకునే అలవాటూ లేదు. ఒక పని చెబుతాను.

మీరు ఇల్లు కట్టుకుంటున్నారనుకోండి. మొదటి లారీ దిగినరోజు డీలరుకు ఫోను చేసి ఒక్క ప్రశ్న అడగండి: "ఈ సిమెంటులో క్రోమియం ఎంత, అన్నభేది కలిపారా?" అతనికి అర్థం కాదు. మళ్ళీ చెప్పండి. నవ్వుతాడు. "అన్నభేది పొలానికి కదా సార్, సిమెంటుకెందుకు?" అంటాడు. మొదటివాడు అడిగితే నవ్వుతాడు, పదోవాడు అడిగితే ఊరుకుంటాడు, వందోవాడు అడిగితే కంపెనీకి ఫోను చేస్తాడు.

నవ్వితే నవ్వనివ్వండి. చెంచా అడిగినప్పుడు మేమూ నవ్వాం.